ఒరుసుకుపోయిన చర్మం: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: తునికాకు కోసే రోజుల్లో తొడల సందులు, నడుము మీద లంగా బొందు పడే చోటు ఎర్రబడి మండుతున్నాయి. ఆకు కోత మానుకోవడం కుదరని వారు ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

జవాబు: చర్మం చర్మంతోనో, బట్టతోనో, బిగించిన తాడుతోనో అదేపనిగా రాసుకుని, చెమటకు నాని, పైపొర అరిగి మంటపెట్టడాన్ని జనం ఒరుసుకుపోవడం అంటారు, వైద్యగ్రంథాలు వాడే ఇంటర్‌ట్రైగో అనే లాటిన్ మాటకు కూడా ‘నడుమ రాపిడి’ అనే అర్థం. పొడి చర్మం కొంత రాపిడిని ఓర్చుకుంటుంది గాని నానిన చర్మం ఓర్చుకోలేదు, ఎందుకంటే నీరు పీల్చిన పైపొర ఉబ్బి దాని కణాల మధ్య పట్టు సడలుతుంది, తడిసిన బట్ట చర్మానికి అంటుకుని మరింతగా ఒరుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే అడవిలోకి నడిచి, ఎండ ముదిరేలోగా ఆకు తెచ్చి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేర్చే పనిలో చెమట ఆరే వ్యవధి ఎలాగూ ఉండదు. ఆరినా దానిలోని ఉప్పు చర్మం మీద మిగిలి గరకుగా రాసుకుంటుంది. అందువల్ల ‘తడి తగలనివ్వకండి’ అనే సలహా భద్రాచలం దగ్గరి చర్లలోనో దుమ్ముగూడెంలోనో ఎవరికీ పనికిరాదు, తడిసే గంటలకు ముందూ వెనుకా ఏం చేయాలన్నదే ఆలోచించవలసిన విషయం.

అడవికి బయలుదేరే ముందు పొడి చర్మం మీద పెట్రోలియం జెల్లీని పల్చగా రాస్తే రాపిడి చాలావరకు తగ్గుతుంది. కొబ్బరినూనె కూడా ఆ పని చేస్తుంది గాని త్వరగా చెరిగిపోతుంది. లోపల మోకాళ్ళ పైదాకా వచ్చే నూలు నిక్కరు వేసుకుంటే తొడలు ఒకదానికొకటి తగలవు. లంగాకు సన్నని తాడు బదులు రెండు వేళ్ళ వెడల్పు గుడ్డపట్టీ కుట్టించుకుని, దాన్ని రోజూ కాస్త పైకో కిందికో జరిపి కట్టుకోవాలి. ఇంటికి రాగానే మామూలు నీళ్ళతో కడిగి, తుడవకుండా మెత్తని గుడ్డతో అద్ది, బట్ట కట్టుకునే ముందు పావుగంట సేపు గాలికి ఆరనివ్వాలి. పచ్చిగా ఉన్న చోట మందుల షాపులో దొరికే తెల్లని జింక్ ఆక్సైడ్ లేపనం రాస్తే అది చెమటకూ చర్మానికీ నడుమ అడ్డుగోడలా నిలుస్తుంది. పౌడరు చల్లడం చాలామందికి అలవాటే అయినా, చెమటతో కలిసి ముద్దకట్టిన పౌడరు మడతల్లో ఇసుకలా రాసుకుంటుంది కనుక దానిని మానడమే మేలు.

ప్రశ్న: నాట్ల కాలంలో కాలివేళ్ళ సందులు తెల్లగా నాని పాచిపోతున్నాయి. రోజంతా బురదలో ఉండక తప్పదు.

జవాబు: ఈ సమస్య మీద సైనిక వైద్యంలో చాలా పరిశీలన జరిగింది. 1960లలో వియత్నాంలోని మెకాంగ్ డెల్టా వరిపొలాల్లో రోజుల తరబడి నడిచిన అమెరికన్ సైనికుల పాదాలు పాడవడంతో, ఆ స్థితికి వారి వైద్యులు ‘వరిపొలం పాదం’ అనే పేరే పెట్టారు. రెండు మూడు రోజులు ఎడతెగకుండా నానడమే దానికి కారణమనీ, మధ్యలో పాదాలు పూర్తిగా ఆరే వ్యవధి ఇవ్వడమే నివారణకు కీలకమనీ గుర్తించారు. నాట్లు వేసే స్త్రీలకు ఆ వ్యవధి రాత్రిపూట దొరుకుతుంది. సాయంత్రం పాదాలు సబ్బుతో కడిగి, పాత నూలుగుడ్డను ఒక్కొక్క వేలి సందులోకి పోనిచ్చి తడి అద్ది, పడుకున్నప్పుడు వేళ్ళ నడుమ ఆ గుడ్డ మడతలే ఉంచి, తెల్లవారేదాకా పాదాలను ఆరనివ్వడం ఏ లేపనం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. పొద్దున పొలంలో దిగే ముందు వేళ్ళ సందులకు జెల్లీ పట్టించాలి.

పొలం బురదే కాదు, వరదనీరూ పాదాలను నానబెడుతుంది. భద్రాచలం వద్ద గోదావరి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో అది 71 అడుగులు దాటింది. అటువంటి వరదల్లో మురుగు కలిసిన నీటిలో నడిచినవారు మంచినీటితో మళ్ళీ కడుక్కుని తీరాలి, ఎందుకంటే పగిలిన వేలి సందు గుండా సూక్ష్మజీవులు లోపలికి చొరబడి కాలు మొత్తం వాచే ప్రమాదం ఉంది. బోదకాలు ఉన్నవారికి తరచూ జ్వరంతో కాలు వాచడానికి కూడా ఇటువంటి పగుళ్ళే సాధారణ కారణం.

ప్రశ్న: షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో తగ్గి మళ్ళీ మరింతగా వ్యాపించింది. నల్లజీడి రాయమని కొందరు చెబుతున్నారు.

జవాబు: రెండూ మానవలసినవే. తేమగల మడతల్లో కాండిడా అనే ఈస్టు జాతి శిలీంధ్రం పెరిగితే పెద్ద ఎర్రమచ్చ చుట్టూ విడివిడిగా చిన్న పొక్కులు లేస్తాయి. తామర అయితే అంచు ఉబ్బి ఉండి, నడుమ తేరుకున్నట్టు కనిపిస్తూ వలయంగా విస్తరిస్తుంది. వీటికి ఒక శాతం క్లోట్రిమజోల్ లేపనాన్ని రోజుకు రెండుసార్లు, మచ్చ పోయినట్టు కనిపించినా ఆపకుండా రెండు నుంచి నాలుగు వారాల పాటు రాయాలి. అయితే చాలా ట్యూబుల్లో దానితోపాటు బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు కూడా కలిసి ఉంటాయి. అవి మంటనూ దురదనూ వెంటనే అణచివేస్తాయి గాని శిలీంధ్రానికి అడ్డు లేకుండా చేస్తాయి, నెలల తరబడి వాడితే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు మాసిపోవు. ఈ కారణంతోనే 2018లో కేంద్రప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదనే నిబంధన కిందికి తెచ్చింది. ఆ నిబంధన ఊరి షాపు దాకా ఎంతవరకు చేరిందన్నది వేరే సంగతి. మామూలు మందుకు లొంగని తామర శిలీంధ్రం కూడా ఉంది, దానికి 2020లో పెట్టిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే పేరులోనే ఇండియా జాడ స్పష్టంగా ఉంది.

నల్లజీడి ఈ అడవుల్లో సులువుగా దొరుకుతుంది గాని దాని రసం పడిన చోట చర్మం బొబ్బలెక్కి కాలుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇండియాలో ఉన్న అమెరికన్ సైనికులకు, ఉతికిన బట్టల మీద ఈ జీడిరసంతో వేసిన గుర్తులు తగిలిన చోటల్లా దద్దుర్లు వచ్చాయి. ఆరిన గుర్తుకే అంత బలముంటే ఒరిసిన చర్మం మీద పచ్చిరసం ఏం చేస్తుందో ఊహించవచ్చు. వెల్లుల్లి ముద్ద, సున్నం, కిరోసిన్ కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ప్రశ్న: నెలల పసిబిడ్డకు మెడ మడతల్లోనూ మొలతాడు కిందా కందిపోతోంది.

జవాబు: పాలు కారి మెడ మడతల్లో నిలవడం, సున్నిపిండి రేణువులు అక్కడే ఉండిపోవడం తరచుగా కారణమవుతాయి. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మడత విప్పి అద్దాలి. తగ్గేదాకా మొలతాడును వదులు చేయాలి లేదా తీసి ఉంచాలి. బోరిక్ పౌడరు పసివాళ్ళకు వాడరాదు, చిట్లిన చర్మం గుండా అది ఒంట్లోకి చేరి విషమవుతుంది.

ప్రశ్న: ఎప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి?

జవాబు: జ్వరం వచ్చినా, చీము లేక దుర్వాసన ఉన్నా, ఎరుపు గంటల్లో పాకుతున్నా అదేరోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. వారం పాటు శ్రద్ధగా ఆరబెట్టినా తగ్గనప్పుడూ వైద్యునికి చూపించాలి. ఏడాదిలో పదేపదే ఒకే మడతలో వస్తుంటే, బరువుతో సంబంధం లేకుండా, రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి. గజ్జల్లో మానని ఒరుపుతో వచ్చినవారిలో మధుమేహం మొదటిసారిగా బయటపడడం వైద్యులకు కొత్త కాదు.