పెళ్ళి క్యాసెట్ నుంచి ఎడిటింగ్ టైమ్‌లైన్ దాకా

మర్పల్లిలో మా ఇంటి బీరువాలో రెండు పెళ్ళిళ్ళు ఉన్నాయి. 2005 నాటి చిన్నాయన పెళ్ళి మూడు మినీ డీవీ క్యాసెట్లలో, 2013లో అయిన పెద్దక్క పెళ్ళి ఒక మెమరీ కార్డులో. ఆ కార్డులోనే అప్పగింతలప్పుడు మా తాత మాట్లాడింది ఉంది. ఆయన గొంతు ఇంకెక్కడా రికార్డ్ కాలేదు. అందుకే సెలవుల్లో ఈ పని పెట్టుకున్నా. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి ఉంటాయి కాబట్టి, తెలుసుకున్నది రాస్తున్నా.

ముందు ఒక తేడా తెలియాలి. మా తాండూరు వైపు భాషలో చెప్తా. కందులు ఒక సంచిలోంచి ఇంకో సంచిలో పోయడం వేరు, పప్పు పట్టించడం వేరు. సంచి మారిస్తే గింజకేం కాదు. పప్పు చేశాక మళ్ళీ కందులు రావు. వీడియోలో కూడా అంతే. ఎంటీఎస్ ఫైల్‌ని ఎంఓవీలోకి మార్చడం చాలాసార్లు సంచి మార్పే. మనోళ్ళు ఏదో ఫ్రీ కన్వర్టర్ దించుకుని, పప్పు పట్టించి, క్వాలిటీ పోయిందని బాధపడతారు! ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో వీడియోకి ‘కాపీ’, ఆడియోకి ‘పీసీఎం’ అని చెప్తే చాలు. బొమ్మ ఉన్నదున్నట్టు వస్తుంది. ఆడియో ఎందుకు మార్చాలంటే, ఈ కెమెరాల్లో అది ఎక్కువగా డాల్బీ ఏసీ-3లో ఉంటుంది. కొన్ని ఎడిటర్లలో బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు.

నన్ను ఎక్కువ సతాయించింది మాత్రం ఇది కాదు. సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో తెచ్చిన ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో, రికార్డింగ్ పొడుగైతే కెమెరా దాన్ని 2 జీబీకో 4 జీబీకో ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు విడివిడిగా టైమ్‌లైన్‌లో పక్కపక్కన పెడితే అతుకు దగ్గర చిన్న గ్యాప్. సరిగ్గా తాత మాట మధ్యలోనే ఒక అతుకు పడింది. “పైలం బిడ్డా” అంటాడు, “బిడ్డా”లో సగం మింగేసింది. కారణం సింపుల్. ఆడియో ప్యాకెట్ సగం ఒక ఫైల్ చివర, సగం ఇంకో ఫైల్ మొదట్లో ఉంటాయి. కాబట్టి మార్చడానికి ముందే కలపాలి. విండోస్‌లో కాపీ కమాండ్‌కి స్లాష్ బీ పెట్టి, లైనక్స్‌లో క్యాట్‌తో, బైట్లు వరసగా అతికిస్తే సరిపోతుంది. ఒకే రికార్డింగ్ ముక్కలకే ఇది పనికొస్తుంది. అలా కలిపాక మాట పూర్తిగా వినపడింది. అమ్మ నాలుగుసార్లు పెట్టించుకుంది.

లాప్‌టాప్ నత్తలా నడిస్తే? హెచ్.264లో చాలా ఫ్రేములు పక్క ఫ్రేముల మీద ఆధారపడతాయి. ఒక్కటి చూపించాలన్నా చుట్టూ ఉన్నవి విప్పాలి. ప్రతి ఫ్రేము సొంతంగా నిలబడే డీఎన్ఎక్స్‌హెచ్‌డీలోకి మారిస్తే హాయి. కానీ 120 ఎంబీపీఎస్ రకం గంటకి 54 జీబీ తింటుంది. హార్డ్ డిస్క్ చూసుకుని దిగండి, లేదంటే ప్రాక్సీలు చేసుకోండి.

బరాత్ డాన్సుల్లో చేతుల అంచులకి దువ్వెన పళ్ళలా గీతలొస్తే అది ఇంటర్‌లేసింగ్. సెకనుకి 25 ఫ్రేముల్లో 50 సగం బొమ్మలు ఉంటాయి. బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్‌తో 50 పూర్తి ఫ్రేములు చేస్తే కదలిక సాఫీగా ఉంటుంది. డీవీలో కింది గీతలు ముందు, ఏవీసీహెచ్‌డీలో సాధారణంగా పైవి ముందు. తారుమారైతే మనుషులు ముందుకీ వెనక్కీ వణుకుతారు.

ఇక క్యాసెట్లు. వాటిలో ఉన్నది ముందే డిజిటల్. ఫైర్‌వైర్ కేబుల్‌తో తీస్తే ఆ బైట్లే వస్తాయి, గంటకి 13 జీబీ చొప్పున. గంట టేప్‌కి గంట పడుతుంది, తొందరపెట్టలేం. యూఎస్‌బీ ఉంది కదా అనుకోకండి, చాలా కెమెరాల్లో అది ఫోటోలకే. స్టూడియోకి ఇస్తే డీవీడీ చేసిస్తామంటారు, అది పప్పు పట్టించడమే. హార్డ్ డిస్క్ చేతికిచ్చి “అన్నా, డీవీ ఫైల్‌గానే కావాలి” అని అడగండి. కార్డు నుంచైతే ఫైళ్ళు ఏరుకోకుండా ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, ఇంకో డిస్క్‌లో కూడా పెట్టాకే ఎడిటింగ్ మొదలుపెట్టండి.