నొప్పిని ఆపే మందు ఊపిరినెందుకు ఆపుతుంది?

వంటింటి గసగసాలు మీకు తెలుసు కదా! ఆ మొక్క పచ్చికాయకు గాటు పెడితే పాలు కారతాయి. అవి గడ్డకడితే నల్లమందు. 19వ శతాబ్దం ఆరంభంలో జర్మనీకి చెందిన సెర్టూర్నర్ దానినుండి మార్ఫిన్‌ను వేరుచేశాడు. శస్త్రచికిత్స నొప్పికీ, క్యాన్సర్ బాధకూ వైద్యులు నేటికీ దీనిని వాడుతున్నారు.

ఇది ఎలా పనిచేస్తుంది? మన నాడీకణాలపై 'గ్రాహకాలు' అనే ప్రోటీన్లున్నాయి. ఇవి తాళాల వంటివి. వీటికి సరిపడే తాళంచెవులను శరీరమే తయారుచేసుకుంటుంది. అటువంటి ఎన్‌కెఫాలిన్లను హ్యూస్, కోస్టర్‌లిట్జ్ స్కాట్లండ్‌లో 1975లో గుర్తించారు. మార్ఫిన్ ఒక మారు తాళంచెవి. అది మెదడులో, వెన్నుపాములో నొప్పి సంకేతాలను అణచివేస్తుంది.

ఇవే తాళాలు పేగులలోనూ ఉన్నాయి. అందుకే మలబద్ధకం కలుగుతుంది. శ్వాసను నడిపే మెదడు కాండంలోనూ ఉన్నాయి. కనుక మోతాదు మించితే ఊపిరి మందగించి, చివరకు ఆగిపోవచ్చు.

వాడగా వాడగా శరీరం అలవాటుపడి పాత మోతాదు చాలదు. హఠాత్తుగా మానితే ఒళ్లునొప్పులు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

దీనికి విరుగుడు నాలోక్సోన్. అది అదే తాళంలో దూరుతుంది కాని తాళాన్ని తిప్పదు, మార్ఫిన్‌ను తోసివేస్తుంది. సకాలంలో ఇస్తే ఊపిరి తిరిగి అందుకుంటుంది. దాని ప్రభావం కొద్దిసేపే కనుక రోగిని ఆసుపత్రికి చేర్చక తప్పదు.

వైద్యుని చేతిలో ఔషధమైనది సొంతంగా వాడితే ప్రాణాంతకమని గుర్తుంచుకోండి.