దీపం పురుగులు – దసలి పట్టు

సీతాకోకచిలుకలు మనకందరికీ తెలుసు. రాత్రిపూట తిరిగే వాటి చుట్టాలను మాత్రం దీపం పురుగులని చీపురుతో ఊడ్చేస్తాం. మన దేశంలో సీతాకోకచిలుకలు సుమారు 1,300 రకాలుంటే, ఇవి 10,000 రకాల దాకా ఉన్నాయి.

జులై అమావాస్యనాడు వాన వెలిసినాక, అడవి జీవుల కోసం పనిచేసే అన్నలు మన మందమర్రికి వచ్చారు. వంటశాల వెనుక తెల్ల దుప్పటి కట్టి, ముందర పాదరసం బల్బు పెట్టారు. వెన్నెల ఉంటే పురుగు తక్కువ వస్తదట. గంటలో దుప్పటి నిండా పురుగులే! జొన్నగింజంతవి, ఎండుటాకు లాంటివి, చెట్టు బెరడు లాంటివి. కొందరు ఉరికారు గాని ఇవి కుట్టవు. సీతాకోకచిలుక మీసం కొసన చిన్న గుండు ఉంటుంది. వీటి మీసం దారం లాగనో, దువ్వెన లాగనో ఉంటుంది.

దీపం మీద ప్రేమతో వస్తాయనుకుంటాం. అది కాదని 2024లో ఒక పరిశోధన తేల్చింది. రాత్రి ఆకాశం నేలకన్నా కొంచెం వెలుగు. పురుగు తన వీపును వెలుగు దిక్కు తిప్పి ఎగురుతుంది, పైన ఏదో కింద ఏదో దానికి అట్లనే తెలుస్తది. పక్కన బల్బు ఉంటే వీపు అటు తిరుగుతుంది. ఇక అక్కడక్కడే గిరగిర!

తొమ్మిదిన్నరకు గబ్బిలం వచ్చిందనుకున్నాం. కాదు, దసలి పట్టు పురుగు! ఇటుక రంగు, జానెడుకు కొంచెం తక్కువ. నాలుగు రెక్కల మీద నాలుగు గుండ్రని కండ్లు. ఒక కంట్లోంచి చూస్తే అవతల బల్బు కనపడింది. మీసం వెడల్పు దువ్వెన లాగ ఉంది కనుక మగది. ఆ మీసంతోనే ఆడదాని వాసన దూరంనుంచి పసిగడతది. చెన్నూరు, మహదేవపూర్ దిక్కు మద్దిచెట్ల మీద మనవాళ్ళు పండించే పట్టుకాయలు దీని పిల్లలు అల్లినవే. రెక్కలు వచ్చినాక ఇది ఏమీ తినదు. లద్దెపురుగుగా తిన్న మద్ది ఆకే దాని బలం. బతికేది వారం, పది రోజులు. అందులో ఒక రాత్రి మన వరండా లైటు కిందనే పోతే జత ఎప్పుడు కట్టాలి, గుడ్లు ఎట్ల కావాలి?

ఒకడు గుండుసూది గుచ్చి సైన్సు గదిలో పెడదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. అన్న లైటు ఆర్పాడు. కాసేపటికి అది చీకట్లోకి పోయింది.

రోజూ లైట్లు ఆర్పుదామంటే పాముల భయం ఉంది, అదీ నిజమే. తెల్ల వెలుగుకు ఎక్కువ వస్తాయి, పసుపుకు తక్కువ. వార్డెన్ సార్‌ను అడిగితే వరండాలో ఒక్క బల్బు పసుపుది పెట్టించారు. నల్లా దగ్గరిది ఇంకా తెల్లదే. పొద్దున్నే ఆ రెండింటి కింద పడ్డవి లెక్కపెట్టాలి. వచ్చేవాళ్ళు తొమ్మిదో తరగతిలో పేరు ఇవ్వండి. చీపురు పట్టకముందే రావాలి.