చిన్న ఆంప్లిఫయరు: ఎన్నికయు, కూర్పును

వేసవికాలమున తరగతిలో ఫ్యానులన్నియు తిరుగుచుండగా, సెల్‌ఫోనునుండి ఇంగ్లీషు పాఠమును వినిపించినచో అది ముందు బల్లలతోనే ఆగిపోవును. ఒకనాడు వెనుక బల్లనుండి బాలిక యొకతె ఖాళీ కాగితము నిచ్చెను. కారణ మడుగగా, "సార్, తెలియక కాదు, వినబడక వ్రాయలేదు" అనెను. ఆ మాటకు నేను మిగుల సిగ్గుపడితిని. నాడే చిన్న ఆంప్లిఫయరు నొకదానిని స్వయముగా కూర్ప నిశ్చయించితిని. ఆ పనిలో నేర్చుకొనిన దానిని మీకు చెప్పుచున్నాను.

1. అది పనిచేయు విధము

ఆంప్లిఫయరు తానుగా ధ్వనిని పుట్టింపదు. ఫోనునుండి వచ్చు బలహీనమైన సంకేతము ననుసరించి, ఛార్జరు ఇచ్చు విద్యుచ్ఛక్తిని స్పీకరునకు పంపును. పాత పద్ధతిలో ట్రాన్సిస్టరు సగము తిప్పిన కుళాయివలె నుండి, శక్తిలో పెద్ద భాగమును వేడిగా వ్యర్థము చేయును. 'క్లాస్ డి' అను పద్ధతిలో అది పూర్తిగా తెరచుకొనును, లేదా పూర్తిగా మూసికొనును. కావున నూటికి సుమారు 90 పాళ్లవరకు శక్తి స్పీకరునకే చేరగలదు.

తెరచుట, మూయుట మాత్రమే యున్నచో స్వరములోని హెచ్చుతగ్గులు ఎట్లు వచ్చును? మన మార్కాపురపు పలక నొకదానిని తీసికొని, బలపముతో దగ్గరదగ్గరగా నిలువు గీతలు గీయుడు; ఒక ప్రక్క సన్నగాను, మరియొక ప్రక్క లావుగాను గీయుడు. పలక నలుపు, గీత తెలుపు. మూడవ రంగు లేదు. అయినను దూరమునుండి చూచినచో గీతలు విడివిడిగా కనబడక, సన్న గీతలచోట ముదురు బూడిదరంగును, లావు గీతలచోట లేత బూడిదరంగును తోచును. చిప్పు చేయునదియు ఇదియే. అది సెకండునకు రెండు లక్షల మారులకు పైగా విద్యుత్తును తెరచి మూయుచు, తెరచియుంచు కాలమును హెచ్చించును, తగ్గించును. స్పీకరు అంత వేగమును అనుసరింపజాలక, సగటును మాత్రమే గ్రహించి కదలును.

బజారులో దీనిని 'డిజిటల్ ఆంప్లిఫయరు' అందురు. కాని 'డి' యనగా డిజిటల్ కాదు. ఏ, బీ, సీ తరగతుల తరువాత వచ్చిన అక్షరము మాత్రమే.

2. ఎన్నిక

పెట్టెపై ముద్రించిన వాట్లను చూచి మోసపోకుడు. 1964లో ఇంగ్లండునందు సింక్లెయిర్ సంస్థ 'ఎక్స్-10' అను పేర ఈ పద్ధతి ఆంప్లిఫయరును కిట్టుగా అమ్మెను. పేరులో పది యున్నను, అది యిచ్చినది సుమారు రెండున్నర వాట్లే. నేటికిని లెక్క మనమే వేసికొనవలెను. అడాప్టరు 12 వోల్టులు, 2 ఆంపియర్లు ఇచ్చునేని మొత్తము శక్తి 24 వాట్లు. బావిలో నీరున్న మేరకే బొక్కెన నిండును. బోర్డుపై నూరు వాట్లని యున్నను 24కు మించి నిలుకడగా రాదు.

ఒక్కొక్క స్పీకరునకు చేరగల శక్తిని ఉజ్జాయింపుగా ఇట్లు కనుగొనుడు: వోల్టుల వర్గమును స్పీకరు ఓములకు రెట్టింపైన సంఖ్యచే భాగింపుడు. 5 వోల్టులు, 4 ఓములైనచో 25ను 8చే భాగింపగా సుమారు 3 వాట్లు. 12 వోల్టులు, 8 ఓములైనచో 144ను 16చే భాగింపగా 9 వాట్లు.

క్రొత్తవారికి పీఏఎమ్ 8403 చిప్పుగల బోర్డు తగినది. అది 5 వోల్టుల ఫోను ఛార్జరుతో పనిచేయును. స్పీకరునకు గరిష్ఠముగా 3 వాట్లు ఇచ్చును. పెద్ద హాలునకు టీపీఏ 3116 చిప్పుగల బోర్డును 12 మొదలు 24 వోల్టుల అడాప్టరుతో వాడవచ్చును. మూడు వాట్లను చులకన చేయకుడు. ధ్వని చెవికి రెండింతలుగా తోచుటకు సుమారు పదింతల శక్తి కావలెను. కావున ఎక్కువ వాట్లకై పరుగెత్తుటకంటె మంచి స్పీకరును కొనుట మేలు.

3. కూర్పు

బోర్డు, 4 ఓముల స్పీకర్లు రెండు, 5 వోల్టుల 2 ఆంపియర్ల ఛార్జరు, ఇయర్‌ఫోను పిన్నుగల తీగ, సోల్డరింగ్ ఐరను, ప్లైవుడ్డు కావలెను. సోల్డరింగ్ తెలియనివారు మార్కాపురము, గిద్దలూరు బజారులలో సెల్‌ఫోనులు బాగుచేయువారి చేతిపనిని చూచి నేర్చుకొనవచ్చును.

మొదట పిన్ను తీగను అతుకుడు: పిన్ను కొన ఎడమకు, నడుమ కట్టు కుడికి, మొదలు గ్రౌండునకు. పిమ్మట స్పీకర్ల తీగలను, కడపట ఛార్జరు తీగలను అతుకుడు. ప్లస్సు, మైనస్సులను రెండుమారులు సరిచూడక స్విచ్చి వేయకుడు. స్పీకరును తప్పక పెట్టెలో బిగింపుడు. లేనియెడల దాని వెనుక పుట్టిన ధ్వని ముందు ధ్వనిని చెరచి, మంద్రస్వరములు వినబడవు.

4. జాగ్రత్తలు

నా మొదటి బోర్డును నేనే చంపితిని. నలుపు తీగలన్నియు గ్రౌండే యని తలంచి, రెండు స్పీకర్ల నలుపు తీగలను ఒకటిగా ముడివేసితిని. బోర్డు కాలి మూగబోయెను. వెనుక బల్లలవారికి ఆ దినమును పాఠము దక్కలేదు. ఈ బోర్డులలో స్పీకరు రెండు కొనలకును చిప్పే విద్యుత్తును పంపును. ఏదియు గ్రౌండు కాదు. కావున నాలుగు తీగలును విడివిడిగా బోర్డునకు చేరవలెను.

5 వోల్టుల బోర్డునకు 12 వోల్టులు ఇయ్యకుడు. గోడ కరెంటును, ఛార్జరు లోపలి భాగములను ముట్టకుడు. స్పీకర్లకై పాత టీవీలను విప్పకుడు. పిక్చర్ ట్యూబునందు ప్రాణాపాయమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. ఒకే ఛార్జరుతో ఫోనును, బోర్డును నడిపినచో కీచుమను రొద రావచ్చును. అప్పుడు ఫోనును దాని బ్యాటరీపైననే నడుపుడు. కరెంటు పోయినచో పవర్ బ్యాంకు ఉపయోగపడును.

రెండవ బోర్డును శ్రద్ధతో కూర్చి, పాఠమును వినిపించితిని. ఈసారి ఆ బాలిక యిచ్చిన కాగితము నిండియుండెను. అందు తప్పులు రెండుండెను. తప్పులను దిద్దవచ్చును, ఖాళీ కాగితమును దిద్దలేము. మీరును ఆంప్లిఫయరును కూర్చిన పిమ్మట దాని యెదుట నిలిచి సంతోషింపకుడు. వెనుక బల్లపై కూర్చుండి వినుడు. అదియే దానికి పరీక్ష.