సంచి పారేయకండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. కొత్తగా కొన్న డ్రై ఫుడ్ పెట్టిన మూడో నాడే మా కుక్కకు వాంతులు పట్టుకున్నాయి. కామెర్లని డాక్టర్ అన్నారు. వారం తిరక్కుండా చనిపోయింది. అడిగితే దుకాణం ఆయన "కుక్క తిండికి గ్యారంటీ ఏముంటది సార్, దాన్ని ఎవరు చెక్ చేస్తరు?" అంటున్నాడు. మేం ఎవరి దగ్గరికి పోవాలె?

జవాబు: ఆయన మాటలో సగం నిజమే. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం మనుషులు తినేవాటికే వర్తిస్తుంది. జంతువుల దాణాను 'ఆహారం' నిర్వచనంలోంచే తీసేశారు. మీరు పిలిచినా ఫుడ్ సేఫ్టీ అధికారి రాడు, రాకపోవడం ఆయన తప్పూ కాదు. కుక్కలు, పిల్లుల తిండికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 11968 పేరుతో ఒక ప్రమాణం రాసిపెట్టింది. సంచి మీద ఆ ప్రమాణం గుర్తు ఉందేమో చూడండి.

మిగతా సగం అబద్ధం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తిండి ఎవరిదని అడగదు. డబ్బిచ్చి కొన్న సరుకులో లోపం వల్ల హాని జరిగితే తయారీదారు నుంచి పరిహారం కోరవచ్చు. ఈ చట్టం లెక్కలో మీ కుక్క 'ఆస్తి'. పేరు పెట్టి పిలుచుకున్న జీవాన్ని బీరువాతో జమకట్టడం నాకైతే మింగుడుపడదు. కానీ ఇక్కడ ఆ మాటే మీకు అక్కరకొస్తుంది: ఆస్తికి కలిగిన నష్టమూ, దాంతో పడ్డ మనోవేదనా రెండూ 'హాని' కిందికే వస్తాయి.

అసలు చిక్కు రుజువు దగ్గర. తిన్నాక చనిపోయిందంటే చాలదు, తినడం వల్లే చనిపోయిందని చూపాలి. పరిశోధకులకూ ఇదే చిక్కు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో కామెర్ల లాంటి జబ్బు వచ్చి వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి చూస్తే, ఆ పల్లెల్లో కుక్కలకూ కామెర్లే, పొట్టలో నీళ్లే. మనిషీ కుక్కా పంచుకున్నది ఇంట్లోని మక్కజొన్న. వానకు తడిసి బూజు పట్టిన ఆ గింజల్ని పరీక్షిస్తే అఫ్లటాక్సిన్ బయటపడింది. పాలమూరు పల్లికాయను సరిగా ఎండబెట్టకుండా నిల్వచేస్తే పట్టే బూజు విషమూ అదే. 2020 డిసెంబరులో అమెరికాలో కుక్కల తిండిని ఇదే విషం కారణంగా వెనక్కి రప్పించినప్పుడు, ఏ సంచులు రావాలో లాట్ నంబర్లు చూసే చెప్పారు.

పరిశోధకుడికి ఏం కావాలో వినియోగదారుల కమిషన్ ముందు మీకూ అవే కావాలి. మిగిలిన తిండిని ఆ సంచిలోనే ఉంచి, మూతి కట్టి, తడి తగలని చోట పెట్టండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఫొటో తీయండి. బిల్లు లేకపోతే ఫోన్‌లో డబ్బు పంపిన రసీదు దాచండి. పూడ్చిపెట్టేముందు ప్రభుత్వ పశువైద్యశాలలో పోస్టుమార్టం చేయించి ఉంటే అదే గట్టి ఆధారం. లేదంటే డాక్టర్ చీటీ, రక్తపరీక్ష కాగితాలే దిక్కు. ఆ బ్యాచే కొన్న వాళ్లు మీ ఊళ్లో ఇంకెవరైనా ఉన్నారేమో కనుక్కోండి.

కంపెనీ ఊరుకోదు. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా కుక్కకు కామెర్లు తెస్తుంది, కాబట్టి టీకా కార్డు తీసుకురమ్మంటారు. ఇంట్లో ఏం పెట్టారనీ అడుగుతారు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వేసిన కూర కుక్క ఎర్ర రక్తకణాలను విరగ్గొడుతుంది, పిల్లికైతే ఇంకా ప్రమాదం. మిగిలిన కూర కలిపి పెట్టే అలవాటుంటే దాచకండి, డాక్టర్‌కు ముందే చెప్పండి.

నల్లగొండలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. మీరు కట్టిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. పరీక్ష లేనిదే లోపం తేలదనిపిస్తే కమిషన్ మీ నుంచి నమూనా తీసుకుని, సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. నివేదిక 45 రోజుల్లో ఇవ్వమంటుంది. ఆ ఖర్చు మాత్రం ముందు మీరే కట్టాలి. కమిషన్‌కు నమూనా కావాలి కాబట్టి ఉన్నదంతా మీరే ఏదో ల్యాబ్‌కు పంపించి చేతులు ఖాళీ చేసుకోవద్దు. ముందు కంపెనీతో మాట్లాడించాలనుకుంటే 1915కు ఫోన్ చేయండి. ఎవరో కావాలనే విషం పెట్టారని అనుమానముంటే దారి వేరు: భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ కింద పోలీసులకు ఫిర్యాదు చేయాలి. అయిదేళ్ల దాకా శిక్ష ఉంది.

ఒక సంగతి మీరు రాయలేదు. సీలున్న సంచి కొన్నారా, దుకాణంలో విప్పిన బస్తాలోంచి కిలోల లెక్కన తూకం వేయించుకున్నారా? మన చిన్న పట్టణాల్లో రెండోదీ మామూలే. విడిగా తెచ్చిన తిండికి బ్యాచ్ నంబరు ఉండదు, తేదీ ఉండదు. అయినా దారి మూసుకుపోలేదు. తయారీదారు ఎవరో తెలియకపోయినా, సరుకును జాగ్రత్తగా నిల్వ ఉంచకపోయినా, వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ కింద అమ్మినవాడే బాధ్యుడు. అలాగే కొని ఉంటే ఫిర్యాదులో మొదటి ఎదురు పార్టీగా ఆ దుకాణదారు పేరే రాయండి.