రెక్క గీసే ముందు టికెట్ లెక్క

ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదవాలనుకునే విద్యార్థి మొదట తెలుసుకోవలసింది ఎయిర్‌బస్ ఏ380 విమానం కథ. రెండంతస్తులు, నాలుగు ఇంజిన్లు, దాదాపు 80 మీటర్ల రెక్కలు. 2007 అక్టోబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్ దాన్ని తొలిసారి ప్రయాణికులతో నడిపింది. ఎక్కినవాళ్లు ఇప్పటికీ మెచ్చుకునే ఆ విమానం తయారీ 251 దగ్గరే, 2021 డిసెంబరులో ఆగిపోయింది. వాటిలో 123 ఒక్క ఎమిరేట్సే కొన్నది.

ఎందుకంటే ఏ380కి లాభం రావాలంటే ఐదు వందల సీట్లు రోజూ నిండాలి. జనాన్ని పెద్ద విమానాశ్రయాలకు చేర్చి, అక్కడి నుంచి చిన్న విమానాల్లో పంపే పద్ధతే పెరుగుతుందని ఎయిర్‌బస్ నమ్మింది. బోయింగ్ మాత్రం ప్రయాణికుడు మధ్యలో దిగకుండా నేరుగా ఊరు చేరాలనుకుంటాడని లెక్కవేసి, రెండు ఇంజిన్ల 787ని తెచ్చింది. దాని నిర్మాణంలో బరువు ప్రకారం సగం దాకా కాంపోజిట్ పదార్థాలే. నాలుగు ఇంజిన్లకు ఇంధనం పోయాలి, నాలుగింటికీ మరమ్మతులు చేయించాలి. రెండింటితోనే పని జరుగుతుంటే సంస్థలు అటే మొగ్గాయి.

పౌర విమానం డిజైన్ అంటే ఇదే. మీరు గీసే ప్రతి వంపు వెనుకా ఎయిర్‌లైన్ జమాఖర్చుల పుస్తకం ఉంటుంది. ఒక్కో ప్రయాణికుడి మీద మిగిలే నికర లాభం సగటున 7 డాలర్లని అంతర్జాతీయ విమాన రవాణా సంఘం 2025లో అంచనా వేసింది. ఇంత సన్నని లాభంతో బతికే వ్యాపారంలో ఇంధనం ఒక్క శాతం ఆదా అయినా పెద్ద విషయమే. బోయింగ్ 777ఎక్స్ రెక్క చివరలు నేల మీద మడతపడేలా చేసింది కూడా ఈ లెక్క కోసమే. ఇంధనం మిగలాలంటే రెక్క పొడవుగా ఉండాలి. కానీ విమానాశ్రయంలో 65 మీటర్ల లోపు రెక్కలకు కట్టిన గేట్లలో అది పట్టాలి. గాలిలో 71.8 మీటర్ల రెక్క గేటు దగ్గర 64.8 మీటర్లకు తగ్గుతుంది. క్లాసులో ఏరోడైనమిక్స్ చెబుతారు, గేటు వెడల్పు గురించి చెప్పరు.

ఇంధనం ఖర్చు తగ్గించాలన్న ఈ ఒత్తిడి ఎంత దూరం తీసుకుపోగలదో 737 మాక్స్ చూపించింది. 2010 డిసెంబరులో ఎయిర్‌బస్ ఏ320నియో ప్రకటించి, కొత్త ఇంజిన్లతో 15 శాతం ఇంధనం ఆదా అవుతుందని చెప్పింది. మరుసటి ఏడాది జులైలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 460 విమానాలు తీసుకుంటూ, అందులో 260 ఎయిర్‌బస్‌కు ఇచ్చింది. సరికొత్త విమానం తయారుచేసేంత వ్యవధి లేదనుకున్న బోయింగ్, 1967లో తొలిసారి ఎగిరిన 737కే పెద్ద ఇంజిన్లు తగిలించడానికి సిద్ధమైంది. ఆనాటి చిన్న విమానాశ్రయాల్లో సామాను చేత్తోనే ఎక్కించే వీలుండాలని 737ని నేలకు దగ్గరగా కట్టారు. పెద్ద ఇంజిన్ దాని కింద పట్టదు. అందుకని ఇంజిన్లను ముందుకు జరిపి, పైకి ఎత్తి బిగించారు. దాంతో కొన్ని పరిస్థితుల్లో ముక్కు మరీ పైకి లేచే అవకాశం ఏర్పడింది. దాన్ని అదుపు చేయడానికి పెట్టిన సాఫ్ట్‌వేర్, ఒకే ఒక్క సెన్సర్ చెప్పిన తప్పుడు కొలతను నమ్మి ముక్కును పదే పదే కిందికి నెట్టింది. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది ప్రాణాలు పోయాయి. ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ ఆ దర్యాప్తు నివేదికలు చదివి తీరాలి. ఉద్యోగంలో చేరాక 'ఇది సరిపోదు' అని చెప్పవలసిన రోజు వస్తే, అలా చెప్పడానికి కావలసిన ధైర్యం, ఆధారాలు రెండూ వాటిలో దొరుకుతాయి.

మన దేశం సంగతికి వద్దాం. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయాయి. 2023 మేలో గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేసింది. సరిగ్గా మరుసటి నెలలో ఇండిగో ఏకంగా 500 ఎయిర్‌బస్ విమానాలకు ఆర్డరిచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే ఎయిర్ ఇండియా 470 విమానాలు తీసుకుంటున్నట్లు ప్రకటించింది. ఒక సంస్థ మునుగుతుంటే ఇంకో సంస్థ పెరిగే రంగం ఇది. ఇక్కడికి వచ్చేవారు ఒక్క సంస్థనో, ఒక్క రకం విమానాన్నో నమ్ముకోకూడదు.

తల్లిదండ్రుల్లో చాలామందికి ఉన్న అపోహ ముందుగా తీర్చాలి. ఏరోనాటికల్ బీటెక్ చేస్తే పైలట్ కారు. పైలట్ లైసెన్సుకు దారి వేరు, ఖర్చూ వేరే. విమానం మరమ్మతు ఇంజినీరుది మూడో దారి. ఎంపీసీతో ఇంటర్ చేసినవారు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన సంస్థలో ఏఎంఈ (విమాన మరమ్మతు ఇంజినీరింగ్) కోర్సులో చేరవచ్చు. బీ1 అంటే ఇంజిన్, బాడీ వైపు. బీ2 అంటే ఏవియానిక్స్ వైపు. కోర్సు పూర్తయిన రోజే లైసెన్సు చేతికి రాదు. మాడ్యూల్ పరీక్షలన్నీ గట్టెక్కాలి, సర్వీసులో ఉన్న విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. ఫీజు కట్టేముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ ఆమోదిత జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. ఏజెంటు మాట మీద వదిలేయకండి.

డిజైన్ వైపు వెళ్లాలనుకుంటే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఐఐటీ బొంబాయి, మద్రాస్, కాన్పూర్, ఖరగ్‌పూర్‌లలో ఏరోస్పేస్ సీటు వస్తే తీసుకోండి. ఈఏపీసెట్ ర్యాంకుతో సాధారణ కాలేజీలో ఏరోనాటికల్ దొరికి, మంచి కాలేజీలో మెకానికల్ కూడా దొరుకుతుంటే, మెకానికల్ వైపే వెళ్లమంటాను. సాఫ్ట్‌వేర్ మీద ఇష్టముంటే ఈసీఈ. తర్వాత గేట్ రాసి ఎంటెక్ ఏరోస్పేస్ చేయవచ్చు. విమాన రంగం కుదేలైన 2020 ఒక్క ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా ఎయిర్‌లైన్లు 13,000 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయాయి. అలాంటప్పుడు కొలువులు దొరకడం కష్టం. మెకానికల్ డిగ్రీ ఉంటే వేరే పరిశ్రమలో నిలదొక్కుకుని, మంచి రోజులు రాగానే ఇటు రావచ్చు.

కొత్త విమానాన్ని మొదటి గీత నుంచి రూపొందించే పని మన దేశంలో అరుదు. బెంగళూరు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రూపొందించిన సారస్ విమానం 2004లో తొలిసారి ఎగిరింది. 2009లో పరీక్షల్లో కూలి ముగ్గురు మరణించారు. ప్రయాణికుల సేవలోకి అది ఇంకా రాలేదు. ఇక్కడ ఎక్కువగా దొరికేది భాగాల పని: స్ట్రెస్ అనాలిసిస్, ఫెటీగ్ లెక్కలు, సీఎఫ్‌డీ (గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడం), ఏవియానిక్స్ సాఫ్ట్‌వేర్ పరీక్షలు. దీన్ని తక్కువ చేసి చూడకండి. హైదరాబాద్‌లో టాటా బోయింగ్ కర్మాగారం 737 నిలువు తోకలు తయారు చేస్తోంది. సైయెంట్ రెండు దశాబ్దాలకు పైగా ప్రాట్ అండ్ విట్నీకి ఇంజినీరింగ్ సేవలందిస్తోంది. శంషాబాద్‌లో జీఎంఆర్ విమానాలను మరమ్మతు చేస్తోంది, సఫ్రాన్ లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం పెట్టింది. కాటియా డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న కుర్రాళ్లు ఊరికొకరు ఉన్నారు. డీవో-178సీ ప్రమాణం ప్రకారం సాఫ్ట్‌వేర్ భద్రతను రుజువు చేయగలిగినవాళ్లు, ఒక భాగం ఎన్ని వేల గంటలకు పగులుతుందో లెక్కగట్టగలిగినవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో చేరడానికి ప్రయత్నించండి.

ఫైనలియర్ ప్రాజెక్టుకు డ్రోన్ చేసేవాళ్లు ప్రతి కాలేజీలో ఉంటారు. మీరు హైదరాబాద్-రాజమండ్రి లాంటి చిన్న దూరం తీసుకోండి. 78 సీట్ల ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్ 72 ఒకవైపు, 180 సీట్ల జెట్ ఏ320 ఇంకోవైపు పెట్టుకుని, ఇంధనం, సిబ్బంది, ల్యాండింగ్ చార్జీలు, మరమ్మతు ఖర్చు అన్నీ వేసి, ఎన్ని సీట్లు నిండితే ఖర్చు గిట్టుబాటవుతుందో తేల్చండి. అంత దగ్గరి ఊళ్ల మధ్య జెట్ వేగంతో కలిసొచ్చే నిమిషాలు కొద్దే, తాగే ఇంధనం మాత్రం ఎక్కువ. ప్రొపెల్లర్ విమానం ఇంకా ఎందుకు బతికి ఉందో మీ కాగితం మీదే తేలుతుంది. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ పేజీలు వెంట తీసుకెళ్లండి.