రెండో క్లారినెట్టు కొనేముందు

తొర్రూరు



మాఘమాసం లగ్గాలు మొదలయ్యేలోపు స్పేరు క్లారినెట్టు కొంటానన్నావు. సంతోషం. ఖమ్మం, సూర్యాపేట, జనగామ అని బ్యాండు బండి మీద తిరిగేవాడికి ఒక్క వాద్యం చాలదు. బారాత్ నడుమ స్ప్రింగు విరిగితే పెళ్లివాళ్లు ఆగరు కదా.

స్పేరుకు చెక్కది వద్దు. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, మూసిన బండిలో పెట్టె ఇంకా కాగుతుంది. చెక్క ఎండకు ఎండి, నోటి తేమకు ఉబ్బి, చివరికి పగులుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్‌ది చాలు. యమహా 250, 255 నేర్చుకునేవాళ్ల కోసం చేసినవే, సెకండ్‌హ్యాండ్‌లో మంచిది దొరికితే వదలకు. నాదం కొంచెం పలచనైనా డ్రమ్ముల మోతలో ఆ తేడా తెలియదు.

పాత బ్యాండ్లవాళ్లు అమ్మే వాటితో మాత్రం జాగ్రత్త. నువ్వు నేర్చింది బోమ్ పద్ధతి, 17 కీలది. వాళ్ల దగ్గర ఆల్బర్ట్ పద్ధతివి కూడా ఉంటాయి, వేళ్ల పట్టే వేరు. నడిరాత్రి వాద్యం మార్చి వేళ్లు తడబడితే ఆ స్పేరు ఎందుకు? పాత విలాయతీ వాటి మీద హెచ్.పి. (హై పిచ్) అని చెక్కి ఉంటే ఊరికే ఇచ్చినా తీసుకోకు. వాటి శ్రుతి 452 హెర్ట్జ్ దగ్గర, ఇప్పటి క్యాషియో కీబోర్డుది 440. బ్యారెల్ ఎంత బయటికి లాగినా స్వరాలన్నీ సరిగ్గా కలవవు.

ప్యాడ్లు కూడా పరీక్షించు. పై జాయింటు తీసి, రంధ్రాలన్నీ వేళ్లతో, అడుగు అరచేత్తో మూసి, పైనుంచి గాలి పీల్చు. పట్టు నిలిస్తే ప్యాడ్లు బాగున్నట్టు. గాలి జారితే ప్యాడ్లు మార్చే ఖర్చు ధరలో తగ్గించమను.

వాద్యం దగ్గర మిగిల్చిన పైసలు మౌత్‌పీస్ మీద పెట్టు. దానితో వచ్చేది పక్కన పెట్టేసి, ఇప్పుడు వాడుతున్న రకానిదే ఇంకొకటి కొను. నాదం చాలావరకు అక్కడా, రీడులోనే ఉంటుంది. నోటికి అలవాటైన పట్టు దొరికితే చవక వాద్యం కూడా నీ మాట వింటుంది.

చూడటానికి పోయేటప్పుడు నీ మౌత్‌పీస్, రీడ్లు, క్యాషియో వెంట తీసుకుపో. తొందరపెడితే లొంగకు, గంటసేపు ఊదు. కింది స్వరం నుంచి పైదాకా అన్నీ శ్రుతిలో పలికితేనే పైసలియ్యి.

నీ మామ